వేరు పొయ్యి

అమర్‌సింగ్ నులకమంచం ఎత్తుకొచ్చి కొట్టం తలుపుకు అడ్డంగా వేశాడు. వేసి, దాని మీద కూర్చుని, కాళ్లు బార చాపాడు.

"ఇప్పుడు అడుగు" అన్నాడు. "కొట్టంల ఎవలు లేరు."

లోపల ఎవరో దగ్గారు.

వాకిట్లో నిలబడ్డ వనజ ఆ దగ్గు విన్నది. విన్నట్టు కనబడనివ్వలేదు. భుజానికి సంచీ, చేతిలో ట్యాబు, చెప్పులకు మిరపచేల మట్టి. మొగుళ్లపల్లి పిల్ల. దేశంలో ఎంతమంది హెరాయిన్‌కు మరిగారో అంచనా కట్టే సర్వేలో పనిచేస్తున్నది. ఆమె ఈ వాకిటికి రావడం మొదటిసారి కాదు. ఆయన తిట్టి పంపడమూ మొదటిసారి కాదు.

"ఎవలు లేకుంటే మంచం ఎందుకు అడ్డమేసినవు, పెదనాయినా?"

"నా మంచం. నా కొట్టం. నా ఇష్టం."

"కొట్టం నీదే. పొయ్యి నీది కాదంటివి గద."

అమర్‌సింగ్ పళ్లు కొరికాడు. ఆ మాట అన్నది తనే.

ఇండ్లకు నంబర్లు వేసేవాళ్లు తండాకు వచ్చిన రోజు ఆయన అరుగు మీదే ఉన్నాడు. కొట్టంలోంచి పొగ వస్తుంటే అదెవరిదని అడిగారు. తల తిప్పకుండానే చెప్పాడు, అది వేరు పొయ్యి, దానికీ నాకూ సంబంధం లేదని. ఒక పొయ్యి మీద వండుకుతినేవాళ్లను ఒక కుటుంబంగా రాసుకోవడం వాళ్ల పద్ధతి. అది ఆయనకు తెలియదు. వాళ్లు ఇంటి గోడ మీద ఒక నంబరు, కొట్టం తలుపు మీద ఇంకో నంబరు సుద్దతో వేసి పోయారు.

కొడుకును ఇంటి లెక్కలోంచి తీసేశానని ఆ పూట ఆయన కడుపునిండా తిన్నాడు. తీసేయలేదు. కొడుకును ఒక కుటుంబాన్ని చేసి పెట్టాడు.

ఆ తర్వాత ఏ ఇంట్లో అడగాలో చీటీలు తీస్తే, చీటీ ఇంటికి పడలేదు. కొట్టానికి పడింది.

"నన్ను అడుగు" అన్నాడు అమర్‌సింగ్. "బీడి తాగుతనా, సారా తాగుతనా, ఏది కావాలంటే అది రాసుకో. తండా నాయక్‌ను నేను. నా మాటకు లెక్క లేదా?"

"నీకు చీటీ పడలే."

"మార్చు."

"మార్చుడు నడువది."

"ఎవలు చూసిండ్రు? నువ్వూ నేనే గద."

వనజ ఎండలో కళ్లు చిట్లించి ఆయన వైపు చూసింది. ఆమెకూ ఓపిక అయిపోయింది. జనగామ నుంచి ఇటు ఎన్ని ఊళ్లు తిరిగిందో, ఎన్ని ఇళ్లలో ఎన్ని అబద్ధాలు విన్నదో కసిగా చెప్పుకొచ్చింది. ప్రతి ఇంట్లో మా ఇంట్లో లేరంటారు. ఊళ్లో ఎవరైనా ఉన్నారా అంటే నోటితో లేరని, కంటితో పక్కింటి వైపు చూస్తారు. ఆ పక్కింటికి పోతే వాళ్లు ఈ ఇంటి వైపు చూస్తారు. అందుకే చీటీ పడ్డ చోట ఎంత తిట్టినా అడిగి తీరాలని, తిట్లకు భయపడి సులువైన ఇంటికి మారిపోతే చివరికి తేలేది తాగనివాళ్ల లెక్కేనని అన్నది.

"చదువుకున్న పిల్లవు. ఇంకో కొలువు దొరకలేదా? ఇండ్లల్ల దూరి గబ్బు కెలుకుడేనా?"

"గబ్బు కొట్టకుంటే కెలికేదాన్ని కాదు."

కడుపుకు అన్నమే తింటున్నావా అని అడిగాడు. అన్నమే తింటున్నానని, అయితే పగటికి ఇంకా తినలేదని ఆమె చెప్పింది. ఆయన భార్య బతికి ఉంటే ఈ పాటికి ఆ పిల్లకు రొట్టె పెట్టేది. ఆ సంగతి గుర్తొచ్చి ఆయనకు పిల్ల మీద కోపం ఇంకా పెరిగింది. చచ్చిపోయినవాళ్లు మంచివాళ్లయి పోతారు. ఆ మంచి భారం బతికున్నవాళ్ల నెత్తిన పెట్టి పోతారు.

అరుగు పక్కన గుంజకు బర్రె దుడ్డె కట్టేసి ఉంది. కోడలు కవిత దాని ముందు కుడితి గిన్నె పెట్టి వంగింది. ఆ ఇంట్లో కోడలు మామ ముఖం చూసి మాట్లాడే అలవాటు లేదు. చెప్పదలచింది దుడ్డెకు చెబుతుంది. అది వింటుందో లేదో గానీ మామ మాత్రం ప్రతి మాటా వింటాడు.

"చూడే దుడ్డె" అన్నది కవిత. "నీకు కాలు వాస్తే డాక్టరును పిలిపించిరి. మనిషి గజగజ వణుకుతుంటే తలుపుకు మంచం అడ్డమేసిరి. నువ్వు పెట్టి పుట్టినవే."

"దుడ్డె పెరిగితే పాలిస్తది" అన్నాడు అమర్‌సింగ్, ఎవరికీ చెప్పనట్టు.

"ఇది మగ దుడ్డె" అన్నది కవిత దానితోనే. "పాలియ్యదని ఆయనకు చెప్పే."

వనజకు నవ్వొచ్చింది. ఆపుకొన్నది. అమర్‌సింగ్ ఆపుకోవడం కూడా చూశాడు.

కొట్టంలో ఉన్న కొడుకు, కవిత మొగుడు గణేశ్, పుట్టుకతో ఇట్లాంటివాడు కాదు. వరికోత మిషన్ నడిపేవాడు. మడి అంచున మిషన్ తిప్పితే ఒక్క వెన్ను కూడా మిగిలేది కాదని పక్క ఊళ్ల రైతులు చెప్పుకునేవారు. మిషన్ వెంట ఉత్తరాదికి గోధుమ కోతలకు పోయాడు. పగలూ రాత్రీ మిషన్ మీదే ఉండాలి, నిద్ర రాకూడదు, నడుం నొప్పి తెలియకూడదు. అక్కడెవరో తెల్లపొడి అలవాటు చేశారు. తిరిగొచ్చాక అంత పెద్ద మిషన్ తిప్పిన చేతులు చాయ గ్లాసు నిలబెట్టి పట్టుకోలేకపోయాయి.

వరంగల్ దవాఖానలో దీనికి మందులిస్తారని కవిత కనుక్కొని వచ్చింది. తీసుకుపోదామని దుడ్డెకు ఎన్ని మాట్లో చెప్పింది. అమర్‌సింగ్ ఒప్పుకోలేదు. దవాఖానకు పోతే రోగం పేరు బయటికొస్తుంది. పేరు బయటికొస్తే తీర్పు అడ్డమొస్తుంది.

ఆ తీర్పు ఆయన చెప్పిందే. తండాలో మొదట పొడికి మరిగినవాడు బాలు. పంచాయితీ కూర్చున్నది. తెల్లపొడి తినేవాడిని ఎవరు తమ పొయ్యి మీద వండి సాకుతారో ఆ ఇంటికి నిప్పు బంద్, నీళ్లు బంద్, పెళ్లికి పిలుపు బంద్ అన్నాడు అమర్‌సింగ్. బాలు తల్లి కొడుకును విడువలేదు. ఇల్లే విడిచింది. మూటాముల్లె నెత్తిన పెట్టుకుని కాటారం దిక్కు పోతుంటే అమర్‌సింగ్ ఇదే అరుగు మీద కూర్చుని చూశాడు. తప్పు అనిపించలేదు. ఇప్పటికీ అనిపించడం లేదు.

అందుకే గణేశ్ సంగతి తెలిసిన మరునాడే కొట్టంలో మూడు రాళ్లు పెట్టించాడు. వేరు పొయ్యి. వాడి గింజలు వాడివి, వాడి పొగ వాడిది. తీర్పు తనకు తగలదు. కోడలు మాత్రం ఇంట్లో ఉండాలి. తనకు వండిపెట్టే దిక్కు కావాలి కదా.

తడిక అవతల చెప్పుల చప్పుడైంది. అమర్‌సింగ్ తమ్ముడు రమేశ్ వచ్చి తడిక మీద మోచేతులు ఆనించాడు. తండా అంతా మిరపకాయ ఏరడానికి పోయింది. ఈయన పోలేదు. నాయక్ పెద్దరికం అన్న తర్వాత తనదేనని ఏనాటి నుంచో చూస్తున్నాడు. అన్న తొందరగా పోయేట్టు కనిపించడం లేదు.

"ఏందన్నా, చుట్టాలా?"

"నీకేం పని?"

"నాకేం పని ఉంటది? ఎండ మంచిగున్నది, నిలబడ్డ."

అమర్‌సింగ్ గొంతు తగ్గించాడు. వాకిట్లో నిలబడ్డ పిల్లను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. మెల్లగా, దాదాపు బతిమాలినట్టు, నీకు దండం పెడతాను పో అన్నాడు. బతిమాలడం ఆయనకు చేతగాదు. అది కూడా తిట్టులాగే వచ్చింది.

పేరు ఎక్కడా రాయనని, ఊరి పేరు కూడా బయటికి పోదని వనజ చెప్పింది. పోలీసులకు ఇవ్వరని చెప్పింది.

"పేరు రాయకుంటే ఏం లాభం? తడిక మీద వాడు చూస్తుండె గద" అన్నాడు అమర్‌సింగ్. "ఒక్క మనిషి కోసం గింత పట్టు ఎందుకే నీకు? దేశంల మనుషులే కరువైండ్రా?"

"ఒక్క మనిషి కాదు, పెదనాయినా. దేశమంత ఇల్లిల్లు తిరుగుడు అయితదా? చీటీలు తీస్తరు. చీటీ పడ్డ ఒక్క పొయ్యి, పడని వేల పొయ్యిల పక్షాన మాట్లాడుతది. నీ కొట్టంల ఉన్న మనిషి అవునంటే, లెక్కల గసొంటి వేలమంది అవునన్నట్టు."

అమర్‌సింగ్ మంచం మీది నుంచి లేచాడు. మెడ నరాలు ఉబ్బాయి.

"వేలమందా? నాకు ఒక్కడు పుట్టిండు. గా ఒక్కణ్ని సాకలేక, సంపలేక నేను సస్తున్న. వాణ్ని నువ్వు వేలమందిని చేస్తవా?"

దుడ్డె బెదిరి కుడితి గిన్నెలోంచి మూతి ఎత్తింది.

కొట్టం తలుపు కొంచెం తెరుచుకున్నది. మంచం అడ్డముంది కాబట్టి అంతకన్నా తెరుచుకోలేదు. సందులో గణేశ్ ముఖం కనిపించింది. గడ్డం మాసి, కళ్లు లోపలికి పోయి, భుజాల మీద వేసవిలోనూ దుప్పటి.

"అక్కా" అన్నాడు. "నేను లేదంటే?"

"లేదనే రాసుకుంట."

"అప్పుడు గా వేలమంది?"

వనజ ట్యాబును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నది. "వాళ్లు గూడ లేనట్టే తేలుతది" అన్నది.

"వాళ్లు లేకుంటే దవాఖాన ఎందుకంటరు. అంతేనా?"

"అంతే."

గణేశ్ తండ్రి వీపు వైపు చూశాడు. "అడుగు, చెప్త" అన్నాడు.

"నోర్ముయ్" అన్నాడు అమర్‌సింగ్.

"ఇన్ని దినాలు మూసుకునే ఉన్న గద, బాపు."

అమర్‌సింగ్ మంచాన్ని ఒక్క తన్ను తన్ని పక్కకు తోశాడు. తలుపు నెట్టుకుని లోపలికి పోయాడు. కొడుకును కొడతాడనుకుని కవిత గిన్నె వదిలి పరుగెత్తింది. ఆయన కొడుకును కొట్టలేదు. కుండెడు నీళ్లు ఎత్తి పొయ్యిలో గుమ్మరించాడు. బూడిద ముఖం మీదికి లేచింది. సగం ఉడికిన అన్నం గిన్నెతో సహా పొర్లించి, మూడు రాళ్లనూ కాలితో తన్నాడు. ఒక రాయి గడప దాటి వాకిట్లోకి దొర్లింది.

దగ్గుతూ బయటికొచ్చాడు.

"పొయ్యి లేదు. పొయ్యి లేకుంటే కుటుంబం లేదు. గట్లనే రాసుకొని పో."

వనజ ఆ రాయి వైపు చూసింది. తన కొలువులో ఇట్లాంటిది ఎన్నడూ చూడలేదు. తల ఊపింది.

"సరే. కొట్టంల పొయ్యి లేదని రాస్త. మరి ఈయన ఏ పొయ్యి మీద తింటడు?"

"ఏంది?"

"మనిషి ఉన్నంక ఎక్కడో ఒక కాడ తినాలె గద. ఇక్కడ పొయ్యి లేదంటే మీ పొయ్యి మీదనే తింటున్నట్టు. మీ ఇంటి మనిషి. గట్ల రాసుకొని పోత. ఇగ రాను."

ఆమె ఊరుకున్నది. తడిక అవతలివాడు ఊరుకోలేదు.

"పాపం, గా పిల్ల మంచి మాటే అడిగింది" అన్నాడు రమేశ్. మోచేతులు తడిక మీది నుంచి తీసి నిటారుగా నిలబడ్డాడు. "గణేశ్ ఇయ్యాల్టి సంది నీ పొయ్యి మీద తింటడా, అన్నా? తింటే చెప్పు. పంచాయితీకి నేనే చెప్పొస్త. బాలు తల్లికి చెప్పినవు గద, నిప్పు బంద్, నీళ్లు బంద్ అని. మనిషికొక న్యాయం ఉండది."

అమర్‌సింగ్ తమ్ముడి వైపు తిరిగాడు. తన తీర్పును ఇంకొకరి నోట వినడం ఆయనకు ఇదే మొదలు. చెప్పినప్పుడు ఇంత పొడుగు లేదు అది.

కవిత తలుపు దగ్గర నిలబడి ఉంది. గణేశ్ నిలబడి ఉన్నాడు. నా కొడుకు, నా పొయ్యి మీదనే తింటాడు అంటే సరిపోతుంది. ఆ మాట ఆయన నోటిదాకా రాలేదు.

"వేరు పొయ్యే" అన్నాడు అమర్‌సింగ్. "వాడు వేరు. రాళ్లు జరిగినయి. మళ్ల పెట్టుకుంటడు."

గణేశ్ తల ఊపాడు. ఆశ్చర్యపడినట్టు లేదు.

"విన్నవు గద అక్కా. నేను వేరు. అడుగు."

ఇది ఎవరూ వినకుండా అడగవలసింది, మిగతావాళ్లు దూరం పోవాలని వనజ చెప్పింది. అమర్‌సింగ్ కదలలేదు. రమేశ్ అసలే కదలలేదు. పోనీ మనమే చేను దాకా పోదామని ఆమె అంటే గణేశ్ అడ్డంగా తల ఊపాడు. అంత దూరం నడిచే శక్తి కాళ్లలో లేదు.

"ఉండనియ్యి. విననియ్యి" అన్నాడు. గడప మీద కూర్చున్నాడు.

వనజ అతని ముందు గొంతుక్కూర్చుని ట్యాబు తెరిచింది. గొంతు వీలైనంత తగ్గించి అడిగింది. గణేశ్ మాత్రం గొంతు తగ్గించలేదు. ఏం తీసుకుంటాడో చెప్పాడు. ఎట్లా తీసుకుంటాడో చెప్పాడు. మొదలెక్కడో చెప్పాడు. దొరకని రోజు ఒంట్లో ఏమవుతుందో చెబుతుంటే కవిత ముఖం పక్కకు తిప్పుకున్నది. ఆ రోజుల్లో కాళ్లు పట్టుకుని కూర్చున్నది ఆమే. ఆమెకు తెలియనిది ఏమీ లేదు. అయినా వెలుతురులో వినడం వేరు.

రమేశ్ తడికకు ఇంకా దగ్గరగా వచ్చాడు. ఒక్క మాట కింద పడనివ్వకుండా వింటున్నాడు. రేపటి పంచాయితీ ఆయన ముఖంలో ఇప్పుడే కనబడుతున్నది.

అమర్‌సింగ్ నేల చూస్తూ నిలబడ్డాడు. ప్రతి మాటకూ తన ఇంటి గోడలోంచి ఒక్కో రాయి ఊడుతున్నట్టు అనిపించింది.

"ఇంకొకటి" అన్నది వనజ. "పేర్లు అసలే వద్దు. చెప్పినా రాయను. నీ తీరుగ తీసుకునేటోళ్లు నీకు ఎరుకైనోళ్లు ఎంతమంది? ఈ తండాల?"

"నేను గాకనా?"

"నువ్వు గాక."

గణేశ్ దుప్పటి సర్దుకున్నాడు. "తండాల ఇంకొకడు ఉన్నడు" అన్నాడు.

అతనితో పాటు అదే మిషన్ మీద ఉత్తరాదికి పోయి వచ్చినవాడు తండాలో ఒక్కడే. రమేశ్ కొడుకు నగేశ్.

తడిక కిర్రుమన్నది.

"ఏయ్ పిల్లా" అన్నాడు రమేశ్. ఆ గొంతు ఇందాకటి గొంతు కాదు. "చాలియ్యి ఇగ. బంద్ చెయ్ గది. పొడి తినేటోని మాటకు పద్దుందా, లెక్కుందా? ఏదో వాగుతడు, నువ్వు రాసుకుంటవు. బంద్ చెయ్ అంటున్న."

"పేరు చెప్పలే గద, కాకా" అన్నాడు గణేశ్. "నీకెందుకు పరేషాన్?"

రమేశ్ తడిక వదిలి ఒక అడుగు వెనక్కి వేశాడు.

అప్పుడు అమర్‌సింగ్ తల ఎత్తాడు. తమ్ముడి ముఖం చూశాడు. భార్య పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఎవరూ చూడనిది ఆయన పెదవుల మీద కనబడింది. నవ్వు. పక్కకు పడిన మంచాన్ని తనే ఎత్తి, దులిపి, వనజ పక్కన వేశాడు.

"కింద ఎందుకు బిడ్డా, మంచం మీద కూసో" అన్నాడు. "నిమ్మళంగ అడుగు. మా వాడు అన్ని చెప్తడు. ఎవలు, ఏంది, ఎక్కడ దొరుకుతది, అన్ని. కవితా, పిల్లకు చాయ పెట్టు."

గణేశ్ తండ్రి నవ్వును చూశాడు. అంతసేపూ నిటారుగా ఉన్న నడుం మెల్లగా వంగింది.

వనజ తర్వాతి ప్రశ్న అడిగింది. దీన్ని మానుకోవాలని ఉందా, దవాఖానకు వస్తావా అని. కవిత గడప దగ్గరికి వచ్చింది. ఆమె ఇన్నాళ్లూ ఎదురుచూసిన ప్రశ్న అది. ఇంట్లో ఎవరూ అడగనిది.

గణేశ్ తండ్రి వైపే చూస్తున్నాడు. వనజ మళ్లీ అడిగింది.

"ఇగ నేను చెప్ప, అక్కా."

"సగంల ఆపితే ఇది లెక్కకు రాదు, తమ్మీ. చెప్పిందంత ఉత్తగ పోతది."

"పోనియ్యి." లేచి తలుపు పట్టుకున్నాడు. "నేను చెప్పింది ఎవలి కోసమో నీకు ఎరుకే. ఆయన నవ్వుకోనీకి కాదు."

లోపలికి పోయాడు.

వనజ చేతిలో ట్యాబు వెలుగుతూనే ఉంది. ఆమె దాన్ని మూయలేదు, ముందుకు జరపలేదు. తడిక అవతల రమేశ్ లేడు. ఎటు పోయాడో ఎవరూ చూడలేదు. అమర్‌సింగ్ నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది గానీ, దాన్ని ఏం చేయాలో ఆయనకు తోచడం లేదు.

కవిత వాకిట్లోకి దొర్లిన రాయిని రెండు చేతులతో ఎత్తుకున్నది. దుడ్డె వైపు చూడలేదు. నేరుగా మామ ముఖంలోకి చూసింది.

"చాయ నువ్వే పెట్టియ్యి, మామా. ఇయ్యాల్టి సంది నీ పొయ్యి నువ్వే ముట్టించుకో. నేను గూడ వేరు."

రాయితో సహా కొట్టంలోకి పోయింది. లోపలి నుంచి గడియ పడింది.